ఊరి పొలానికి పరిశ్రమల జోన్ పడితే: అమ్మాలా, లీజుకివ్వాలా, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలా?

"మా భూమి పరిశ్రమలకు పోయిందంట" అని ఊళ్లో అనుకునే మాట వెనక మూడు వేరు వేరు సంగతులు ఉండొచ్చు. తుడా, చుడా లేదా పీకేఎం ఉడా అనే పట్టణాభివృద్ధి సంస్థల మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు వ్యవసాయపు పచ్చరంగులోంచి పరిశ్రమల ఊదారంగులోకి మారి ఉండొచ్చు. పరిశ్రమలకు స్థలాలిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ కోసం రెవెన్యూ వాళ్లు వచ్చి కొలతలు తీసుకుని పోయి ఉండొచ్చు. లేదా 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడి ఉండొచ్చు. ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సత్యవేడు వైపైనా, బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పోయే పలమనేరు, గుడిపాల వైపైనా ఈ మూడింటినీ ఒకటే అనుకుని తొందరపడ్డవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

జోన్ మారితే హక్కు మారదు. పొలం మీదే, పంట వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాకపోతే ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ప్లాను అడిగితే జోన్ అడ్డొస్తుంది. ముసాయిదా ప్లాన్ మీద అభ్యంతరం చెప్పే గడువు ప్రకటనలోనే ఉంటుంది. అది దాటాక వెనక్కి తిప్పించుకోవడం చాలా కష్టం. కొలతలు తీసుకోవడమూ చట్టపరంగా మిమ్మల్ని దేనికీ కట్టేయదు, మీరు సంతకం పెట్టనంతవరకూ. 11వ సెక్షన్ నోటిఫికేషన్ మాత్రం అట్లా కాదు. అది వెలువడిన రోజు నుంచి కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమిని అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, కొత్త అగ్రిమెంటు రాసుకోకూడదు. ప్రైవేటు అమ్మకం, లీజు అనే దారులు ఆ రోజుతో మూసుకుపోతాయి. మిగిలేవి రెండే: సమ్మతి, అంటే వాళ్లు చెప్పిన ధరకు ఒప్పుకోవడం; అవార్డు, అంటే చట్టం లెక్కతో కలెక్టరు తేల్చే పరిహారం. కాబట్టి ఎంచుకోవడానికి నిజమైన వ్యవధి జోన్ మారిన రోజుకూ నోటిఫికేషన్‌కూ మధ్య ఉన్న కాలమే.

ముందు రికార్డు, తర్వాతే బేరం

ఏ దారి ఎంచుకున్నా మొదటి పని ఒకటే. మీభూమి వెబ్‌సైట్‌లో 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) తీసి చూడండి. పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం, సర్వే పటాల పుస్తకం ఎఫ్‌ఎంబీలో విస్తీర్ణం, రీసర్వే అయిన ఊళ్లలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు మీద విస్తీర్ణం, మూడూ కలవాలి. 3 ఎకరాల 40 సెంట్లు అనుకున్నది 3 ఎకరాల 12 సెంట్లకు దిగడం మామూలే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం), రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే 22-ఏ లో, సర్వే నంబరు ఉందో లేదో చూసుకోవాలి. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవాదాయ భూములు, చెరువు పోరంబోకులు ఎక్కువ. పక్క సబ్‌డివిజన్ దేవుడిదైతే మొత్తం నంబరే 22-ఏ లో పడి ఉంటుంది. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే ఆర్‌ఎస్‌ఆర్‌లో, పట్టాదారు పేరు దగ్గర చుక్కలు ఉంటే అది చుక్కల భూమి. దాన్ని 2017 చట్టం కింద సరిచేయించుకోవాలి.

తండ్రి పేరు మీదనే ఉన్న భూమి ఇంకో చిక్కు. పరిహారం చెక్కు దగ్గరికి వచ్చాక అక్కచెల్లెళ్ల సంతకాలు లేవని ఆగిపోతే, ఆ డబ్బు పరిహార వివాదాలు తేల్చే భూసేకరణ అథారిటీ దగ్గర జమవుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోవడానికి వకీలు, వాయిదాలు. నోటిఫికేషన్ వచ్చాక రికార్డులు రెండు నెలల్లో సరిచేయాలని చట్టంలో కలెక్టర్ మీదే బాధ్యత ఉంది. కానీ ఆ రెండు నెలల్లో వందల సర్వే నంబర్ల మధ్య మీ మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) వంతు వస్తుందని నమ్ముకోకండి. ముందే చేయించుకోండి.

ప్రభుత్వం పేదలకు పంచిన భూమికి ఇచ్చే డీకేటీ పట్టా ఉన్నవాళ్ల సంగతి వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ భూమి అమ్మితే చెల్లదు, కొన్నవాడికి హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 20 ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇస్తూ 2023లో సవరణ వచ్చింది. అయితే అట్లా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లను 2024లో పరిశీలన పేరుతో ఆపారు. మీ నంబరు సంగతి తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోకుండా, "పొజిషన్ మాత్రం ఇస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అనే దళారీకి భూమి అప్పగించకండి. సేకరణలో మాత్రం డీకేటీ రైతు అనుకున్నంత బలహీనుడు కాడు. పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తేల్చింది. "డీకేటీకి సగమే వస్తుంది" అని ఎవరైనా అంటే ఈ తీర్పు పేరు చెప్పండి.

ప్రైవేటు కంపెనీకి అమ్మడం

రోడ్డు పక్కన నికార్సయిన పట్టా భూమి ఉండి, నోటిఫికేషన్ ఇంకా రాకపోతే మంచి ధర వచ్చే దారి ఇదే. పన్ను సంగతి మాత్రం ముందు చూసుకోవాలి. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకం మీద మూలధన లాభం పన్ను లేదు. అయితే గ్రామీణం అంటే ఏమిటో ఆదాయపు పన్ను చట్టం దూరంతో కొలుస్తుంది: జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వరకు అయితే 6, ఆపైన 8. రోడ్డు దూరం కాదు, గాల్లో నేరుగా కొలిచిన దూరం. తిరుపతి, చిత్తూరు 6 కిలోమీటర్ల లెక్కలోకి వస్తాయి. శ్రీకాళహస్తి, పుంగనూరు, పలమనేరు 2 కిలోమీటర్ల లెక్కలోకి. ఆ గీత లోపల ఉంటే 2024 జూలై 23 తర్వాతి అమ్మకాలకు దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను. పాత భూమి అయితే ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి చూసే, 20 శాతం లెక్క కూడా వేయించి, ఏది తక్కువో ఆడిటర్‌తో చూపించుకోవాలి.

చాలామంది చేజేతులా చేసుకునే పొరపాటు ఒకటుంది. కొనేవాడు "ముందు మీ పేరు మీదనే వ్యవసాయేతరంగా మార్పించండి, ఖర్చు మాది" అంటాడు. మార్పించాక అది వ్యవసాయ భూమి అని చూపించుకోవడం కష్టమవుతుంది. పన్ను మినహాయింపు కూడా చేజారొచ్చు. మార్పిడి కొన్న తర్వాత, కొన్నవాడి పేరు మీదనే జరగాలని అగ్రిమెంటులో రాయించండి.

అగ్రిమెంటు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎకరాకు లక్షో రెండు లక్షలో బయానా ఇచ్చి, ఏడాది గడువు పెట్టి, "నేను చెప్పినవాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్" అని ఒక వాక్యం రాయించుకుంటారు. కొనే ఉద్దేశం చాలాసార్లు ఉండదు. ఆ కాగితాన్నే ఇంకొకరికి అమ్ముకుంటారు. ఈలోపల సేకరణ నోటిఫికేషన్ వస్తే అగ్రిమెంటు ఉన్నవాడు కూడా హక్కుదారునంటూ క్లెయిము వేస్తాడు, మీ పరిహారం వివాదంలో ఇరుక్కుంటుంది. గడువు 90 రోజులకు మించనివ్వకండి. గడువు దాటితే అగ్రిమెంటు రద్దని, "సేకరణ నోటిఫికేషన్ వస్తే బయానా వెనక్కి ఇచ్చి అగ్రిమెంటు రద్దు" అని రెండు షరతులూ విడివిడిగా ఉండాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మాత్రం ఇవ్వకండి. బయానా 20 వేలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారానే తీసుకోండి.

లీజు: వినడానికి బాగుంటుంది, రాయడం కష్టం

భూమి పోదు, ఏటా అద్దె వస్తుంది. గోదాము, లారీ యార్డు, సోలార్ ప్లాంటు లాంటివాటికి లీజు సరిపోతుంది. రసాయనాలు, రంగులు, తోళ్లు, లోహపు పూతల పరిశ్రమకు ఇవ్వడం మాత్రం మంచిది కాదని గట్టిగా చెప్పొచ్చు. పాతికేళ్ల తర్వాత మీ చేతికొచ్చే నేలలో, బోరు నీళ్లలో ఏముంటుందో దాన్ని బాగుచేయడానికి ఆ అద్దె చాలదు.

11 నెలల కాగితాలతో పని జరగదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. అద్దె మూడేళ్లకోసారి ఎంత శాతం పెరుగుతుందో అంకెలో ఉండాలి. "పరస్పర అంగీకారంతో పెంచుతాం" అని రాస్తే పెంచరు. కంపెనీ బ్యాంకు అప్పు కోసం యజమానిని కూడా తనఖా పత్రం మీద సంతకం పెట్టమంటారు. లీజు హక్కును వాళ్లు తాకట్టు పెట్టుకోవచ్చు గానీ మీ భూమి హక్కును కాదని పత్రంలోనే రాయించాలి. వదిలిపోయేటప్పుడు కాంక్రీటు పునాదులు తవ్వి తీసేయాలి, దానికి ముందే డిపాజిటు కట్టించుకోవాలి. లేకపోతే రెండడుగుల మందం కాంక్రీటు, తుప్పు పట్టిన షెడ్డు మీకు మిగులుతాయి. ఫ్యాక్టరీకి ఇచ్చిన భూమి అద్దె వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను కట్టాలి. పీఎం కిసాన్, ఉచిత కరెంటు వంటివి కూడా ఆ మేరకు పోతాయి.

ఎకరా రెండెకరాలవాళ్లు ఒంటరిగా లీజు బేరం చేస్తే కంపెనీ పట్టించుకోదు. ట్రైలర్ తిరగాలంటే బండిబాట చాలదు కదా. దారితో సహా నలుగురైదుగురు కలిసి పదెకరాల ముక్కగా మాట్లాడుకుంటే బేరం వేరేగా ఉంటుంది.

పూలింగు, వాటా ప్లాట్లు

భూమి ఇస్తే అభివృద్ధి చేసిన ప్లాటు వెనక్కి ఇస్తామనే మాట ఇప్పుడు అన్ని చోట్లా వినిపిస్తోంది. అందరూ కొలబద్దగా చూపే అమరావతిలో మెట్ట ఎకరాకు 1,000 చదరపు గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు, పదేళ్లపాటు ఏటా 30 వేల కౌలు, దాని మీద ఏడాదికి 3 వేల పెరుగుదల ఇచ్చారు. మీకిచ్చే కాగితంలో గజాలెన్ని, కౌలు ఎంత, ఎన్నేళ్లు అనేవి జీవోలో ఉన్నాయా, లేక అధికారి మాటేనా అని అడగండి.

ఒక చిన్న మెలిక: మన తిరుపతి జిల్లాలో ప్లాటు అంకణాల్లో చెబుతారు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు అంకణం 72. సూళ్లూరుపేట, నాయుడుపేట 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి ఒకే జిల్లాలో రెండు కొలతలు నడుస్తున్నాయి. "ఎకరాకు 100 అంకణాలు" అంటే ఒకచోట 400 గజాలు, ఇంకోచోట 800 గజాలు. పత్రంలో చదరపు గజాలు తప్ప ఇంకే కొలతా రాయనివ్వకండి.

పూలింగు చేతిలో డబ్బున్నవాడి ఆట. అయిదారేళ్లు ఆగగలిగితే, రోడ్లు నిజంగా పడితే లాభం. పాడి, మామిడి మీద ఇల్లు గడిచే కుటుంబానికి ఏటా వచ్చే కౌలు డబ్బుతో ఆ లోటు తీరదు.

సమ్మతి, అవార్డు: అసలు పోలిక ఇక్కడ

నోటిఫికేషన్ వచ్చాక, లేదా రాబోతోందని తెలిశాక, కలెక్టరు లేదా జాయింట్ కలెక్టరు కమిటీ రైతులతో కూర్చుని ఎకరాకు ఒక ధర అంటుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఇట్లాంటి ఒప్పంద సేకరణకు చట్టబద్ధత ఇచ్చింది. పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కూడా ఇచ్చింది. కాబట్టి "80 శాతం రైతులు ఒప్పుకోకపోతే తీసుకోలేరు" అనే మాట మీద ధైర్యం పెట్టుకోకండి. ప్రైవేటు కంపెనీల కోసం చేసే సేకరణకు కేంద్ర చట్టంలో ఉన్న ఆ షరతు ఇక్కడి కారిడార్ భూములకు అడ్డుపడకపోవచ్చు.

వాళ్లు చెప్పిన ధర మంచిదా కాదా అన్నది చట్టం లెక్కతో పోల్చితేనే తెలుస్తుంది. లెక్క ఇది. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అదే రకం భూమికి గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం డాక్యుమెంట్ల సగటు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. గ్రామీణ ప్రాంతానికి మన రాష్ట్రంలో దాన్ని 1.25తో గుణిస్తారు. దానికి చెట్లు, బోరు, షెడ్డు విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి సమానంగా నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు ఊరట సొమ్ము. ఇంకా మార్కెట్ విలువ మీద సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ తేదీ నుంచి (ఆ అంచనా మినహాయించిన చోట ఏ తేదీ నుంచో అడిగి తెలుసుకోండి) అవార్డు వరకు, లేదా స్వాధీనం వరకు, ఏది ముందైతే అంతవరకు ఏడాదికి 12 శాతం.

ఉదాహరణకు ఎకరా మార్కెట్ విలువ 20 లక్షలు అనుకుందాం. 1.25తో గుణిస్తే 25 లక్షలు. తోతాపురి చెట్లు, బోరు కలిపి 3 లక్షలు, మొత్తం 28. సొలేషియంతో 56 లక్షలు. ఏడాది ఆలస్యమైతే ఇంకో 2 లక్షల 40 వేలు. ఈ ఎకరాకు కమిటీ 45 లక్షలు అంటే అది తక్కువ. 60 లక్షలు అంటే వెంటనే ఆలోచించదగ్గది. సమ్మతి ధర అంటే సాధారణంగా అన్నీ కలిపినదే. చెట్లు, బోరు విడిగా ఇస్తారా లేదా అన్నది నోటితో కాకుండా మినిట్స్‌లో రాయించుకోవాలి.

లెక్క కాగితం మీద బాగుంటుంది గానీ, 20 లక్షలు అన్న మొదటి అంకె దగ్గరే రైతు ఓడిపోతాడు. ఏళ్ల తరబడి అందరూ ప్రభుత్వ విలువకే డాక్యుమెంట్లు రాసుకుని మిగతాది నగదుగా మార్చుకున్నారు. ఇప్పుడు ఆ డాక్యుమెంట్ల సగటే మీ ధర అవుతుంది. అందుకే అధికారులు చూపే జాబితాతో సరిపెట్టుకోకుండా, సబ్ రిజిస్ట్రార్ దగ్గర మీ ఊరివీ, పక్క ఊళ్లవీ అసలు ధరకు రిజిస్టరైన డాక్యుమెంట్ల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని క్లెయిముతో పాటు దాఖలు చేయండి. కంపెనీలు కొన్నవి, బ్యాంకు అప్పుతో కొన్నవి సాధారణంగా పూర్తి ధరకే ఉంటాయి. సేకరణకు ముందు మార్కెట్ విలువలను సవరించాలని చట్టమే చెబుతోంది. దాన్నీ అర్జీలో ఎత్తి చూపొచ్చు.

ఎంజాయ్‌మెంట్ సర్వే, అంటే పొలంలో ఏమేమున్నాయో అధికారులు రాసుకునే రోజున పొలంలో మీరు ఉండి తీరాలి. ప్రతి మామిడి చెట్టు వయసు, మొదలు చుట్టుకొలత, కాపులో ఉందా లేదా, బోరు లోతు, కేసింగు ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని హెచ్‌పీ, భూమిలోపల పైపులైను పొడవు, డ్రిప్పు, పశువుల కొట్టం, రాతి కట్ట అన్నీ షీటులో ఎక్కాలి. పైపులైను భూమిలోపల ఉంటుంది కాబట్టి ఎవరూ రాయరు, మీరే చెప్పాలి. చెట్లకు ఉద్యానశాఖ, కలపకు అటవీశాఖ, కట్టడాలకు ఆర్ అండ్ బీ విలువ కడతాయి. షీటు నకలు తీసుకోకుండా సంతకం పెట్టకండి. నోటిఫికేషన్ తర్వాత నాటిన మొక్కలు లెక్కలోకి రావు. ఆ పనికి డబ్బు తగలేయొద్దు.

అభ్యంతరాలకు 2013 చట్టం 60 రోజులు ఇస్తుంది. "మా పొలం ఇవ్వం" అని ఒక వాక్యం రాస్తే దానికి విలువ ఉండదు. సర్వే నంబరు తప్పు, విస్తీర్ణం తేడా, నీటి పారుదల ఉన్న భూమిని మెట్టగా రాశారు, పక్కనే ప్రభుత్వ భూమి ఉంది, చెరువు కాలువ తెగిపోతుంది వంటివి ఆధారాలతో రాస్తే ఫలితం ఉంటుంది. రోడ్డు లాంటివి పొలాన్ని చీల్చి అటువైపు 30 సెంట్లు మిగిలిస్తే, ఆ ముక్క సాగుకు పనికిరాదని 94వ సెక్షన్ కింద అడగండి. మిగిలిన భూమి విలువలో 25 శాతం వరకు అదనంగా ఇచ్చే వీలుంది.

సమ్మతి మీద సంతకం పెడితే డబ్బు త్వరగా వస్తుంది, ఆ తర్వాత ధర పెంచమని అడగడానికి ఉండదు. అవార్డుకు ఆగితే డబ్బు ఆలస్యమైనా 64వ సెక్షన్ కింద అథారిటీకి వెళ్లే హక్కు మిగులుతుంది. అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే ఆ తేదీ నుంచి ఆరు వారాలే గడువు. ఇక్కడ ఒక్క వాక్యం రాయకపోవడం చాలామంది హక్కును పోగొడుతోంది. డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద "పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని సొంత చేత్తో రాసి, దాని ఫొటో, ఇన్‌వార్డు ముద్ర ఉన్న నకలు దగ్గర పెట్టుకోవాలి. ఆ మాట రాయకుండా తీసుకున్నవాడికి తర్వాత 64 కింద వెళ్లే దారి ఉండదు. పక్క రైతు అథారిటీకి వెళ్లి ఎక్కువ తెచ్చుకుంటే, ఆ ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లోగా 73వ సెక్షన్ కింద మీరూ అడగొచ్చు. ఊళ్లో ఎవరి కేసు ఎప్పుడు తేలుతుందో కనుక్కుంటూ ఉండండి.

పన్ను విషయంలో రెండూ సమానమే. ఈ చట్టం కింద అవార్డుకైనా, ఒప్పందానికైనా ఆదాయపు పన్ను లేదు. కాబట్టి నగరానికి 6 కిలోమీటర్ల లోపు ఉన్న భూమికి, ప్రైవేటువాడి 60 లక్షలకూ ప్రభుత్వ 56 లక్షలకూ పోలిక పెట్టేటప్పుడు పన్ను తీసేసిన అంకెతో పెట్టండి.

ఎవరికి ఏది

నికార్సయిన పట్టా, రోడ్డు ముఖం, నోటిఫికేషన్ రాలేదు: అమ్మితే మొత్తం కాకుండా వెనక భాగం అమ్మి, రోడ్డు ముక్క ఉంచుకోవడం లేదా గోదాముకు లీజుకివ్వడం మేలు. లోపల దారి లేని మెట్ట భూమికి సమ్మతి ధర చట్టం లెక్క కంటే ఎక్కువగా ఉంటే బిగుసుకోవద్దు, విడిగా కొనేవాడు దొరకడు. ఫ్రీహోల్డ్ కాని డీకేటీ భూమికి ప్రైవేటు దారి లేదు. పట్టాతో సమానంగా ఇస్తే సమ్మతి, ఇవ్వకపోతే అవార్డు, అభ్యంతరం. కాపుకొచ్చిన మామిడి తోటవాళ్లు ఎకరా ధర కంటే చెట్ల లెక్క మీద ఎక్కువ పోరాడాలి. తోట విలువను మెట్ట ధరలో కలిపేసే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య వాటాలు తేలని భూమి అయితే ముందు రిజిస్టర్డ్ పంపకం, ఆ తర్వాతే ఏ బేరమైనా.

కౌలుకు చేస్తున్నవాళ్లు, గత మూడేళ్లుగా ఆ భూమి మీదనే కూలి చేసుకుని బతికినవాళ్లు కూడా ప్రభావిత కుటుంబాల కిందికే వస్తారు. యజమాని సమ్మతి ఇచ్చినా వాళ్ల పునరావాస హక్కు పోదు. సర్వే రోజున వాళ్ల పేర్లూ రాయించాలి. కౌలు సాగుదారులకిచ్చే సీసీఆర్‌సీ కార్డు గానీ, ఈ-పంట నమోదు గానీ ఉంటే నకళ్లు జతచేయాలి.